స్నేహితురాలైన సీనియర్ టీచరుకి నిజం ఎలా చెప్పాలి? హెచ్‌ఎంలుగా చేసినవాళ్ళు చెప్పండి

వశిష్ఠగట్టు టీచర్:

నమస్కారమండి. కోనసీమలో వశిష్ఠ గోదావరి గట్టు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. లెక్కల స్కూల్ అసిస్టెంటుగా ఉన్నదాన్ని, ఈ జూన్‌లో ప్రమోషన్ మీద హెచ్‌ఎం అయ్యాను. కౌన్సెలింగ్‌లో మళ్ళీ అదే బడి దొరికింది. నిన్నటిదాకా స్టాఫ్‌రూములో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళ సెలవు చీటీల మీద ఇప్పుడు నేను సంతకం పెడుతున్నాను.

విషయం మా ఫిజికల్ సైన్స్ మేడమ్ గురించి. నాకంటే పెద్దావిడ, అక్కా అనే పిలుస్తాను. నేను ఎస్‌జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) మొదట చేరింది గోదావరి మధ్య లంకలో ఒక చిన్న ప్రైమరీ బడి. అప్పుడు ఆవిడా అక్కడే. ఒకే గదిలో మూడు తరగతుల్ని ఎలా కూర్చోబెట్టాలో, ఒకరికి చెబుతుంటే మిగతావాళ్ళకి ఏం పని ఇవ్వాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. 2006 ఆగస్టు వరదలో ఊరి చుట్టూ నీళ్ళు తిరిగిపోతే, చంటిబిడ్డతో ఉన్న నన్ను పడవెక్కించి గట్టుకు చేర్చేదాకా ఆవిడ లంక వదల్లేదు. ఇప్పటికీ ఇద్దరం ఒకే ఆటోలో బడికి వస్తాం.

ఆవిడ సెలవు పెట్టిన రోజున తొమ్మిదో తరగతికి నేను వెళ్ళాను. 'చలనం' పాఠం అయిపోయిందన్నారు పిల్లలు. దూరం–కాలం గ్రాఫ్ గీయమన్నాను. ఎక్స్ అక్షం మీద ఏది వేయాలో సగం మందికి తెలియలేదు. కొంతమంది ప్రశ్నే చదవలేకపోయారు. నోటు పుస్తకాలు మాత్రం అద్దంలా ఉన్నాయి. అందరి జవాబులూ గైడులోంచి దింపిన ఒకే వాక్యాలు, ప్రతి పేజీలో ఎర్ర టిక్కు. ఎఫ్‌ఏ–1లో, అంటే ఏడాదిలో మొదటి చిన్న పరీక్షలో, ఆ క్లాసులో దాదాపు అందరికీ ఎ1, ఎ2 గ్రేడ్లే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. మెగా డీఎస్సీ 2025లో సెలెక్టయి వచ్చిన బయాలజీ అమ్మాయి ఒకరోజు నా గదికి వచ్చి, "మేడమ్, నేను వచ్చిన మార్కులే వేశాను. కాంప్లెక్స్ మీటింగులో, చుట్టుపక్కల బళ్ళవాళ్ళందరి ముందూ, నా సబ్జెక్టే వెనకబడిందని అడిగారు. నేనూ పెంచి వేయాలా?" అంది. నేను నోరు మూసుకుంటే ఆ పిల్లకి నేర్పేది ఏమిటో నాకు అర్థమైంది.

అక్కకి ఎలా చెప్పాలి? క్లాస్ అబ్జర్వేషన్ రిజిస్టరులో రాస్తే అది శాశ్వతంగా ఉండిపోతుంది. నోటిమాటగా అంటే ఆటోలో కబుర్లలో కలిసిపోతుంది. ఒకరికొకరం మొహమాటం లేకుండా, మనసు నొప్పించకుండా నిజం చెప్పుకునే స్టాఫు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాలకొల్లు సోషల్ మాస్టారు:

మేడమ్, ముందు రిజిస్టరులో రాయండి. తేదీ వేసి, ఏ పీరియడ్‌లో ఏం చూశారో రాసి, ఆవిడ చేత చదివించి సంతకం తీసుకోండి. నోటిమాటకి రెండు నెలల తర్వాత ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెబుతారు. రేపు పదో తరగతి ఫలితాలు తగ్గితే మీరు ఏం చేశారని అడుగుతారు. స్నేహం బడి గేటు బయట. ఇది కోపంతో చెప్పడం లేదు, కాగితం ఉంటే ఇద్దరికీ రక్షణేనని నా నమ్మకం.

రిటైర్డ్ హెచ్‌ఎం, ముమ్మిడివరం:

అమ్మా, నమస్తే. సోషల్ మాస్టారి మాట తీసిపారేసేది కాదు. కానీ ఆయన చెప్పింది రెండో మెట్టు. మీరింకా మొదటి మెట్టు ఎక్కలేదు. కాగితంతో మొదలుపెడితే అవతలి మనిషి ఆ కాగితానికి జవాబు వెతుకుతుంది గాని, పిల్లల గురించి ఆలోచించదు.

మా హెడ్మాస్టారి సంగతి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గౌతమి పాయ పక్కన ఒక బడి. అక్కడ హిందీ పండిట్‌గారు పాఠం చెప్పకుండా జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనేవారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. హెడ్మాస్టారు ఒకరోజు సాయంత్రం బెల్లు కొట్టేక ఆయన్ని ఖాళీ క్లాసులోకి తీసుకెళ్ళేరు. నేను పక్క గదిలో రికార్డులు రాస్తున్నాను, మాటలు వినపడ్డాయి. చేతిలో రిజిస్టరు లేదు. ఒక పిల్లాడి నోటు పుస్తకం ఉంది. "పండిట్‌గారూ, ఈ కుర్రాడు ఈ పేజీ ఎంత బాగా రాసేడో చూడండి. మధ్యాహ్నం చదవమన్నాను, మొదటి లైను దాటలేకపోయేడు. మనం ఏం చేద్దాం?" అన్నారు. అక్కడితో ఆగిపోయేరు. ఎంతసేపో ఇద్దరూ మాట్లాడలేదు. పండిట్‌గారు మెల్లిగా చెప్పేరు, తరగతిలో డెబ్భై మంది ఉన్నారనీ, చదివిద్దామంటే గోల అదుపులోకి రావడం లేదనీ. మర్నాటినుంచి హెడ్మాస్టారు రోజూ ఆ పీరియడ్‌లో సగం మందిని వరండాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టుకునేవారు. ఆయనకి హిందీ అంతంతమాత్రం. పిల్లలు చదువుతుంటే వింటూ ఉండేవారు, అంతే.

ఆ ఏడు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు హిందీ మార్కులు చూసి ఆఫీసరుగారు మండిపడ్డారు. మా హెడ్మాస్టారు లేచి, "మార్కులు నిజమైనవేనండి. తక్కువున్నాయి. ఆ క్లాసు నేనూ పండిట్‌గారూ కలిసి చూస్తున్నాం, ఏం అడిగినా నన్నడగండి" అన్నారు. ఇందులో రెండు విషయాలు మీరు గమనించాలి. పైవాళ్ళ ముందు మనిషిని ఒంటరిగా నిలబెట్టలేదు. అలాగని అంకెను దాచలేదు. మనలో చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా చూస్తారు. మనిషిని కాపాడటమంటే మార్కులు మార్చడం అనుకుంటారు, నిజం చెప్పడమంటే మనిషిని పట్టివ్వడం అనుకుంటారు. అది చూసిన తర్వాత మా స్టాఫులో ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా ముందు హెడ్మాస్టారి దగ్గరికే వెళ్ళి చెప్పుకునేవాళ్ళం.

ఇంక మీ విషయం. అక్కగారితో మాట్లాడే ముందు మీ క్లాసు తలుపు తీయండి. హెచ్‌ఎం అయినా మీరు లెక్కల పీరియడ్లు చెబుతూనే ఉంటారు కదా. తొమ్మిదికి గ్రాఫులు చెప్పే రోజున అక్కగారినీ, ఆ బయాలజీ అమ్మాయినీ వచ్చి వెనక బెంచీలో కూర్చోమనండి. పాఠం అయ్యేక, పిల్లలకి ఎక్కడ అందలేదో చెప్పమని అడగండి. వాళ్ళు చెప్పింది అందరి ముందూ మీ డైరీలో రాసుకోండి. హెచ్‌ఎం క్లాసు చూసి టీచరు మాట చెప్పిన బడిలో, టీచరు క్లాసు చూసి హెచ్‌ఎం మాట చెప్పడం తప్పుపట్టడంలా కనపడదు.

మాట్లాడే చోటు కూడా చూసుకోవాలి. మీ గదిలో వద్దు, బల్లకి అటు మీరు ఇటు ఆవిడ కూర్చుంటే అది విచారణ అయిపోతుంది. ఆటోలో అసలు వద్దు. వాళ్ళింట్లో వద్దు, ఇంట్లోవాళ్ళ ముందు చిన్నబుచ్చినట్టవుతుంది. సైన్స్ ల్యాబులో, పిల్లలు వెళ్ళిపోయేక, ఆవిడ సొంత చోటులో కూర్చోండి. గ్రేడ్లతో మొదలుపెట్టకండి. ఐదుగురు పిల్లల పుస్తకాలూ, వాళ్ళు మీ దగ్గర గీసిన గ్రాఫులూ పక్కపక్కన పెట్టండి. "అక్కా, నువ్వు లేని రోజున నేను వీళ్ళ చేత గీయించాను. పుస్తకంలో ఉన్నది వీళ్ళకి రావడం లేదు. నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది?" అనండి. ఆ తర్వాత మీరు మాట్లాడకండి. మనం ఆగలేక మనమే కారణాలు అందిస్తాం, అవతలివాళ్ళు వాటిలో ఒకటి పట్టుకుంటారు.

నా అనుమానం ఒకటుంది. గైడు చూసి రాయించడం బద్ధకం కాకపోవచ్చు. తెలుగు మీడియంలో చదివి, ఏళ్ళ తరబడి తెలుగులోనే పాఠం చెప్పిన మనిషి. ఇంగ్లీషు మీడియం వచ్చేక, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు పక్క పేజీ తెలుగు ఉన్నా, పిల్లల ముందు ఇంగ్లీషులో నోరు తెరవడానికి బెరుకు ఉండొచ్చు. ఆ మాట బయటికి చెప్పుకోవడం ఆ వయసులో చాలా కష్టం. అదే అయితే మెమో ఇచ్చి ఏం లాభం?

రెండు మాటలు మాత్రం అనకండి. "అందరూ అనుకుంటున్నారు" అనొద్దు. ఎవరని ఆవిడ తోటివాళ్ళందరినీ అనుమానిస్తుంది, పైగా బయాలజీ అమ్మాయి ఇరుక్కుంటుంది. "ఎంఈవోగారు అడుగుతున్నారు" అనీ వద్దు. మీకు పట్టింది గనక అడుగుతున్నారు, అదే చెప్పండి.

ఆలస్యం చేయకండి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడే గదా పూడిక తీసేదీ లాకులు బాగుచేసేదీ, సార్వా వరికి నీళ్ళొదిలేక ఎవరూ దిగలేరు. ఫిబ్రవరిలో పదో తరగతి స్టడీ అవర్సు నడుస్తుండగా ఈ మాట ఎత్తితే ఇద్దరి దగ్గరా ఓపిక ఉండదు.

ఇంకో చిన్న పని. మధ్యాహ్న భోజనం రుచి చూడటం ఎలాగూ మీ బాధ్యత. అడిగినవారికల్లా అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్న భోజనం అది, కోనసీమ వాళ్ళం కాస్త గౌరవంగానే కూర్చుని తినాలి. ఆ కాసేపూ రోజుకో టీచరు పక్కన కూర్చోండి. పని మాట ఎత్తకండి. వాళ్ళ పిల్లలెక్కడ చదువుతున్నారు, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఏ రేవు దాటి వస్తున్నారు, ఇవి తెలియని హెచ్‌ఎం మాట ఎంత నిజమైనా చెవికి గుచ్చుకుంటుంది.

డైట్ (టీచర్ల శిక్షణ సంస్థ) లెక్చరర్:

మాస్టారు చెప్పిన దాంట్లో చాలావాటితో ఏకీభవిస్తాను. ఒక్క చోట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ పిల్లలకి తొమ్మిదో తరగతి ఒక్కసారే వస్తుంది. అక్కగారి బెరుకు తీరేదాకా వాళ్ళు ఆగలేరు. కాబట్టి మొదటి మాటలోనే ఒక గడువు పెట్టుకోండి, ఎస్‌ఏ–1 (అర్ధ సంవత్సర పరీక్ష) లోపల ఏం మారాలో ఇద్దరూ కలిసి అనుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే సోషల్ మాస్టారు చెప్పినట్టు రిజిస్టరులో రాయడం తప్పదు. ఆ సంగతి ఆవిడకి ముందే తెలియాలి. వెనకనుంచి వచ్చిన కాగితం కంటే ముందే చెప్పిన కాగితం తక్కువ నొప్పిస్తుంది.

1990లలో షికాగో ప్రాథమిక పాఠశాలల మీద ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. బడి బాగుపడటానికి పెద్దల మధ్య నమ్మకం ఎంత ముఖ్యమో చూపించారు. ఆ నమ్మకం నాలుగింటి మీద నిలబడుతుందన్నారు: ఎదుటివారి మాట గౌరవంగా వినడం, ఉద్యోగ ధర్మాన్ని దాటి మనిషి మీద శ్రద్ధ చూపడం, పని చేతనవడం, మాటకీ చేతకీ తేడా లేకపోవడం. మన బళ్ళలో మొదటి రెండూ బాగానే ఉంటాయి. పెళ్ళికి వెళ్తాం, ఆసుపత్రికి క్యారేజీ పట్టుకెళ్తాం. పని చేతనవడం గురించి మాట్లాడాల్సి వచ్చేసరికి గొంతు పెగలదు. అక్కడ మౌనంగా ఉండటం కూడా శ్రద్ధే అనుకుంటాం. పిల్లలు నష్టపోయేది అక్కడే.

చేయదగింది ఒకటి. ఎఫ్‌ఏ పేపర్లు ప్రతి సబ్జెక్టులోనూ ఐదేసి తీసి, పేరు మడతపెట్టి, కాంప్లెక్సులో ఇంకో బడి టీచరు చేత దిద్దించండి. మీ లెక్కల పేపర్లతోనే మొదలుపెట్టండి. అందరివీ దిద్దిస్తే ఒకరిని వేలెత్తి చూపినట్టుండదు. స్కూల్ కాంప్లెక్సు అనే ఆలోచన కొఠారి కమిషన్ 1966లో ఇచ్చిన నివేదికలోనే ఉంది, పక్క పక్క బళ్ళు ఒకదానికొకటి ఆసరాగా ఉండాలని. మనం దాన్ని సర్క్యులర్లు చదివే చోటుగా వదిలేయకూడదు. ఇంగ్లీషు విషయంలో కూడా, టీచర్లకి ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అందులో కొన్ని గంటలు సైన్స్ పాఠం ఇంగ్లీషులో చెప్పే అభ్యాసానికి అడగండి, ఆవిడ ఒక్కరికే కాదు, మీ కాంప్లెక్సులో సైన్స్ చెప్పేవాళ్ళందరికీ.

కొత్త ఎస్‌జీటీ, అంబాజీపేట వైపు:

నేను కూడా 2025 డీఎస్సీ దానినే. ఆ బయాలజీ అమ్మాయి తరఫున ఒక్క మాట. మేడమ్, అక్కగారితో మాట్లాడటానికి టైం పట్టినా, ఆ అమ్మాయికి మాత్రం వెంటనే జవాబు చెప్పండి. "వచ్చిన మార్కులే వేయి, కాంప్లెక్సులో నీ పక్కన నేను మాట్లాడతాను" అంటే చాలు. మా హెచ్‌ఎంగారు నాకు ఆ మాట చెప్పారు, మీటింగులో నిజంగానే లేచి మాట్లాడారు. ఆ తర్వాతే మా రెండో తరగతిలో ఎంతమందికి గుణింతాలు రావడం లేదో ధైర్యంగా లిస్టు రాసి ఇచ్చాను. అంతవరకూ ఆ లిస్టు బయటపెడితే నా ఉద్యోగానికే మచ్చ అనుకునేదాన్ని.

వశిష్ఠగట్టు టీచర్:

ఎఫ్‌ఏ–2 అయ్యాక రాస్తున్నాను. ముందుగా బయాలజీ అమ్మాయికి చెప్పాను, ఎస్‌జీటీ గారు రాసిన మాటలే దాదాపు. ఆ తర్వాత మాస్టారు చెప్పినట్టు నా గ్రాఫుల క్లాసుకి అక్కని పిలిచాను. పాఠం అయ్యాక, "నువ్వు స్కేలు ఎందుకు తీసుకోవాలో చెప్పలేదు, నేరుగా చుక్కలు పెట్టించేశావు" అంది. రాసుకున్నాను. నిజంగా పనికొచ్చే మాట.

ల్యాబులో మాట్లాడిన రోజు మాత్రం కష్టంగా గడిచింది. అక్క పుస్తకాలు చూసి, "నన్ను పరీక్ష చేస్తున్నావా?" అంది. లేదక్కా, పిల్లల గురించి అడుగుతున్నానన్నాను. ఎస్‌ఏ–1 గడువు మాట కూడా అప్పుడే చెప్పాను. లేచి వెళ్ళిపోయింది. రెండు మూడు రోజులు వేరే ఆటోలో వచ్చింది. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. తర్వాత ఒక సాయంత్రం ఆవిడే ల్యాబుకి రమ్మని, పుస్తకంలో ఇంగ్లీషు పేజీ తీసి, "ఇది చదివి చెప్పమంటే చెబుతాను. పిల్లాడు ఎదురు ప్రశ్న వేస్తే నోట మాట రాదు. అందుకే రాయించేస్తున్నాను" అంది. మాస్టారి అనుమానమే నిజమైంది.

ఇప్పుడు ఆవిడ ముందు తెలుగులో బోధించి, ప్రయోగం చేసి చూపించి, అప్పుడు ఇంగ్లీషు పేజీకి వెళ్తోంది. పాఠంలో వచ్చే ఇంగ్లీషు మాటలు చార్టు మీద రాసి గోడకి పెడుతున్నాం. మా ఇంగ్లీషు మాస్టారు వారానికి రెండు పీరియడ్లు ఆవిడతో పాటు క్లాసులో ఉంటున్నారు. పేపర్లు పక్క బడిలో దిద్దించాం, నా లెక్కల్లో కూడా ముగ్గురికి గ్రేడు మారింది. కాంప్లెక్సులో సైన్స్ గ్రేడ్లు పడిపోయాయేమని అడిగారు. ఇవి నిజమైన గ్రేడ్లు, ఏం చేస్తున్నామో ఇదీ అని నేను చెప్పాను. అక్క పక్కనే ఉంది.

ఇంకో చిక్కు మిగిలింది. ఎ గ్రేడు వచ్చే పిల్లలు కొందరు సి కి దిగారు. వచ్చే వారం ప్రోగ్రెస్ కార్డులు ఇవ్వాలి. తల్లిదండ్రులు వచ్చి అక్కనే నిలదీస్తారు. అక్క ఆ రోజు సెలవు పెడతానంటోంది. ఏం చేయమంటారు?

రిటైర్డ్ హెచ్‌ఎం, ముమ్మిడివరం:

సెలవు పెట్టనివ్వకండి. ఆవిడ లేని చోట ఆవిడ గురించి జరిగే మాట ఎప్పటికీ ఆగదు. కార్డులు ఇచ్చే రోజుదాకా ఆగకుండా, బాగా గ్రేడు తగ్గిన పిల్లల ఇళ్ళకి ఈ వారంలోనే మీరిద్దరూ కలిసి వెళ్ళండి. కార్డు కాదు, నోటు పుస్తకం పట్టుకెళ్ళండి. పాత పేజీ, కొత్త పేజీ చూపించి, ఇప్పుడు వాడు సొంతంగా ఏం రాయగలుగుతున్నాడో అక్కగారి చేతే చెప్పించండి. గ్రేడు ఎందుకు తగ్గిందని అడిగితే ఆ జవాబు హెచ్‌ఎంగా మీరు చెప్పండి: ఇదివరకు బడిలో కొలత సరిగ్గా లేదు, ఇప్పుడు సరిచేశాం అని. రొయ్యల చెరువుల పనికీ, కొబ్బరి ఒలుపుకీ వెళ్ళే తల్లిదండ్రులు సాయంత్రం ఆరు దాటితేగాని దొరకరు, ఆ వేళకే బయల్దేరండి. తల్లి కువైట్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలుంటే, అమ్మమ్మకి చెప్పి ఊరుకోకండి. అక్కడినుంచే తల్లికి ఫోన్ కలిపించి ఇద్దరూ మాట్లాడండి.